ఎత్తు ఎవరిది?

ప్రతి నగరానికీ దూరం నుంచి చూసినప్పుడు కనిపించే ఒక రూపం ఉంటుంది. గోపురాలు, గుమ్మటాలు, మేడలు, చెట్లు, కొండలు అన్నీ కలిసి ఆకాశం అంచున గీసే గీత అది. దానినే ఆకాశరేఖ అంటున్నాం. ముఖాన్ని బట్టి మనిషిని పోల్చుకున్నట్లే పూర్వకాలపు బాటసారి ఆ రేఖను బట్టి ఊరిని పోల్చుకునేవాడు. హైదరాబాదు ఆకాశరేఖలో నాలుగు శతాబ్దాలకు పైగా స్ఫుటంగా నిలిచినవి చార్మినారు మీనార్లు. గడచిన పాతికేళ్లలో ఆ రేఖ పూర్తిగా మారిపోయింది. మారడం తప్పని నేను అనను. పెరిగే నగరం మారక తప్పదు. అయితే ఎవరిని అడిగి మార్చారు, ఏ కొలతతో మార్చారు అన్నవి మాత్రం అడగవలసిన ప్రశ్నలే.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో ఈ నగరానికి పునాది వేసినప్పుడు నడిబొడ్డున నిలిపినది కోట కాదు, రాజభవనం కాదు. నాలుగు దిక్కులకూ తెరుచుకున్న ఒక కట్టడం. నాలుగు రాజమార్గాలు కలిసేచోట చార్మినారు లేచింది. దానికి ఉత్తరాన చార్‌కమాన్ అనే నాలుగు తోరణాలు, వాటి మధ్య గుల్జార్ హౌజ్ అనే నీటితొట్టి వెలిశాయి. పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఈ నగర నిర్మాణానికి రూపకల్పన చేశాడని చరిత్రకారులు చెబుతారు. మీనార్ల ఎత్తు యాభై మీటర్లకు కాస్త అటూ ఇటూ. నేటి లెక్కలో అది పదిహేను, పదహారు అంతస్తుల ఎత్తు మాత్రమే. అయినా చుట్టూ ఉన్న ఇళ్లు ఒకటి రెండు అంతస్తులకు మించనందువల్ల ఆ మీనార్లు నగరమంతటికీ కనిపించేవి. ఎత్తు అనేది మీటర్లలో మాత్రమే ఉండదు. పక్కన ఉన్నవి ఎంత అణగి ఉన్నాయన్న దానిలోనూ ఉంటుంది.

పాతబస్తీ కట్టడాలను కాస్త నిదానంగా పరిశీలిస్తే మరొక విషయం బోధపడుతుంది. అక్కడ ఎత్తైనవన్నీ అందరివి. చార్మినారు అందరిది. 1617లో మొదలై 1694లో పూర్తయిన మక్కా మసీదు ప్రార్థనకు వచ్చేవారందరిది. మహబూబ్ చౌక్‌లోని గడియార స్తంభం బజారుకు వచ్చిన ప్రతివాడికీ వేళ చెప్పింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత నది ఒడ్డున కొత్త కట్టడాలు లేచాయి. దక్షిణపు గట్టున హైకోర్టు, ఉత్తరపు గట్టున 1925 నాటి ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు నయాపూల్ మీద నిలబడినవారికి ఎదురెదురుగా కనిపిస్తాయి. ఒకటి న్యాయస్థానం, రెండవది ధర్మాసుపత్రి. వాటి కింద నడిచిన పేదవాడికి కూడా ఆ ఎత్తులో కొంత వాటా ఉంది.

మరి ధనవంతులు ఏం చేశారు? వారు అడ్డంగా కట్టుకున్నారు. నవాబుల దేవిడీలు ఎకరాలకొద్దీ పరుచుకున్నాయి. ఎత్తైన ప్రహరీ, లోపల విశాలమైన ముంగిలి, దాని చుట్టూ వసారాలు, మధ్యలో నీటికుండం. ఐశ్వర్యం నేలమీద వ్యాపించిందే కాని నింగికి ఎగబాకలేదు. దీనికి ప్రసిద్ధమైన మినహాయింపు ఒకటి ఉంది. పాయ్‌గా వంశీయుడైన వికారుల్ ఉమ్రా కొండ ఎక్కి ఫలక్‌నుమా కట్టుకున్నాడు. పేరుకు తగినట్లు అది ఆకాశదర్పణమే. అయితే ఆ కట్టడం ఆయనను అప్పులపాలు చేసిందని, చివరకు ఆ భవనం ఆరవ నిజాము పరమైందని చెప్పుకుంటారు. ఎత్తుకు పోయినవాడి కథ పాతబస్తీలో అలా ముగిసింది.

ఆ తరువాతి కథ నగరానికి పడమటి దిక్కున మొదలైంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు పది అంతస్తుల ఆ భవనాన్ని చూడడానికే జనం ప్రయాణమై వెళ్లారు. అసలు మలుపు మాత్రం 2006లో వచ్చింది. ఆ ఏడాది వెలువడిన భవన నిర్మాణ నియమాలు స్థలవిస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలనే పరిమితిని తొలగించాయి. ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం పరిమాణం, చుట్టూ వదిలే ఖాళీ – వీటిని బట్టి ఎత్తును నిర్ణయించే పద్ధతి వచ్చింది. 2012 నాటి నియమాలు కూడా ఆ దారినే అనుసరించాయి. ముంబయి, బెంగళూరు వంటి నగరాలు ఏదో ఒక పరిమితిని పాటిస్తుండగా హైదరాబాదు ఆ కళ్లెం వదిలేసింది. దాని ఫలితమే నేడు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటలలో కనిపించే యాభై అంతస్తుల శిఖరాలు. 2023 ఆగస్టులో కోకాపేట భూముల వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. అంత ధర పెట్టి కొన్నవాడు రెండు అంతస్తుల ఇల్లు కట్టుకుంటాడా?

ఈ భవనాలలో ఫ్లాటు కొనేవారికి ‘ఫ్లోర్ రైజ్’ అన్న మాట సుపరిచితం. పై అంతస్తుకు పోయినకొద్దీ చదరపు అడుగుకు ఇంత అని అదనంగా చెల్లించాలి. చెరువు కనిపించే వైపైతే మరికొంత. అంటే ఇటుకకూ సిమెంటుకూ కాక ఎత్తుకూ, చూపుకూ కూడా వెల కట్టారన్నమాట. ఒకప్పుడు అందరిదైన ఎత్తు నేడు అంతస్తులవారీగా అమ్ముడుపోతున్నది. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. నలభయ్యవ అంతస్తులో ఉన్నవారికి దక్కిన దృశ్యం, కింద ఉన్న వేలమంది కళ్లముందు నుంచి తొలగించిన దృశ్యం కూడా కావచ్చు. ఆ రెండవ లెక్క ఏ అనుమతి పత్రంలోనూ కనిపించదు.

గోల్కొండ కోటలో బాలాహిస్సారు దాకా ఎక్కి చూడండి. దగ్గరలో కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి దశాబ్దానికి పైగా శ్రమించి, డంగు సున్నంతో పాత పద్ధతిలోనే వాటిని పునరుద్ధరించింది. తల పడమటికి తిప్పితే గాజు గోడల భవనాలు బారులు తీరి నిలబడి ఉంటాయి. ఆ రెండు దృశ్యాల మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఒకచోట గుమ్మటం మీది పూత ఏ పాళ్లలో కలపాలన్నది ఏళ్లతరబడి ఆలోచించారు. రెండవచోట దిగంతమే మారిపోతుంటే ఒక్క క్షణమైనా ఆలోచించారా అన్న సందేహం కలుగుతుంది. వీటికి ముందే ఈ నేలకు ప్రకృతి గీసిన రేఖ ఒకటి ఉండేది. రెండు వందల యాభై కోట్ల సంవత్సరాల నాటి నల్లరాతి గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఆ గుట్టలలో ఎన్నో పునాదుల కోసం పేలిపోయాయి. వాటిని ఎవరు తిరిగి పేర్చగలరు?

ఆకాశహర్మ్యాలను సమర్థించేవారి వాదం తేలికగా కొట్టిపారవేయదగినది కాదు. నిలువుగా కడితే నేల మిగులుతుంది, చెరువులు బతుకుతాయి, ఆఫీసుకు దగ్గరగా నివాసం దొరుకుతుంది అని వారంటారు. నిజమే. నిలువుగా పెరిగే నగరం అడ్డంగా పెరగడం మానుకుంటే ఈ వాదం పూర్తిగా నెగ్గుతుంది. కాని హైదరాబాదు రెండు విధాలా పెరిగింది. ఒకవైపు భవనాలు మబ్బులను తాకుతుండగా, మరొకవైపు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిని దాటి కూడా పొలాలు ప్లాట్లయ్యాయి. నేల మిగలలేదు, నింగీ మిగలలేదు.

ఇంతకూ పాతబస్తీలో ఆకాశహర్మ్యాలు లేవు కదా, అక్కడి వారికి వచ్చిన నష్టమేమిటి అని అడగవచ్చు. పాతబస్తీ చిక్కు మరొక విధమైనది. అక్కడి గల్లీల వెడల్పును బట్టి చూస్తే పెద్ద భవనాలకు అనుమతి రాదు. కుటుంబాలు మాత్రం పెరుగుతాయి. తాతల నాటి ముంగిలి అన్నదమ్ముల వాటాలుగా చీలుతుంది. యాభై అరవై గజాల ముక్కలో ఒకదానిపై ఒకటిగా గదులు లేస్తాయి. చార్మినారును మరుగుపరుస్తున్నవి కోకాపేట గోపురాలు కావు; పక్క వీధిలోని నాలుగంతస్తుల ఇళ్లు, ప్రకటన ఫలకాలు, చిక్కుపడిన కరెంటు తీగలు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక భవనంలో నిప్పంటుకుని 17 మంది మరణించారు. వారిలో పసిపిల్లలు ఉన్నారు. లోపలికి పోవడానికి ఉన్న దారి ఇరుకైనది. పాతబస్తీ అందం గురించి మాట్లాడే ప్రతివాడూ మొదట ఆ ఇరుకుదారి గురించి ఆలోచించాలి. అక్కడ మనుషులు బతుకుతున్నారు. అది ప్రదర్శనశాల కాదు.

చట్టం లేదా అంటే ఉంది. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం చేయరాదని, ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతితో మాత్రమే కట్టాలని 1958 నాటి పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతున్నది. చార్మినారుకు ఈ రక్షణ ఉంది. కాని ఈ చట్టం కొలిచేది నేలమీది దూరాన్నే, చూపును కాదు. మూడు వందల మీటర్ల ఆవల ఏది లేచినా దానికి పట్టదు. ఇక ప్రజల ఇళ్లూ దేవిడీల సంగతి మరీ దయనీయం. వారసత్వ భవనాలకు అండగా నిలిచిన నగరాభివృద్ధి నిబంధనను 2015లో తొలగించారు. 2017లో రాష్ట్రం కొత్త వారసత్వ చట్టం తెచ్చింది. నిబంధన పోవడానికీ చట్టం రావడానికీ మధ్య యజమానులు ఎదురుచూస్తూ కూర్చోలేదు. పైకప్పు కారుతున్న పాత మేడను సొంత డబ్బుతో బాగుచేయించుకోవాలి, అమ్మితే కోట్లు వస్తాయి అన్నప్పుడు వారిని నిందించడం న్యాయం కాదు. అందరి కోసం ఒక్కడి నెత్తిన బరువు పెట్టడం ఏ ధర్మం?

ఉస్మానియా ఆసుపత్రి ఉదంతం ఈ విషయంలో ఎంతో నేర్పుతుంది. ఆ పాత భవనాన్ని కూల్చి అక్కడే బహుళ అంతస్తుల ఆసుపత్రి కట్టాలని 2015లో ప్రభుత్వం సంకల్పించింది. వారసత్వ ప్రేమికులు అడ్డుకున్నారు. వైద్యులు, రోగులు మాత్రం పెచ్చులూడే కప్పు కింద వైద్యం ఎలా అని వాపోయారు. 2020 జులైలో వార్డుల్లోకి వాననీరు చేరి రోగుల మంచాల కింద నిలిచింది. చివరకు పాత భవనాన్ని ఖాళీ చేయించారు. గుమ్మటాన్ని ప్రేమించేవారూ మంచాన్ని తలచుకునేవారూ పదేళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. ఎత్తు మరోచోట లేస్తుంది, పాత గుమ్మటం ఉన్నచోటే ఉంటుంది. గోషామహల్‌లోని మైదానం పోయిందన్న బాధ అక్కడివారికి ఉంది, దానిని కాదనలేము. అయినా రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలన్న పట్టుదల విడిస్తే మూడవ దారి దొరుకుతుందని ఈ ఉదంతం చూపింది. ఆ దారి పదేళ్ల ముందే దొరికి ఉంటే ఆ రోగులు నీళ్లలో పడుకోవలసి వచ్చేది కాదు.

చూపును చట్టంలోకి తేవడం అసాధ్యమేమీ కాదు. కెనడాలోనూ ఆకాశహర్మ్యాలు ఉన్నాయి. అయినా మాంట్రియల్ నగరంలో అక్కడి మౌంట్ రాయల్ కొండ శిఖరాన్ని మించి ఏ భవనమూ లేవరాదన్న నియమం ఉంది. వాంకూవర్ నగరం వీధుల్లో నడిచేవారికి ఉత్తరాన ఉన్న పర్వతాలు కనిపించాలని 1989లో కొన్ని దృశ్యమార్గాలను గుర్తించింది. ఆ మార్గాలకు అడ్డుపడే ఎత్తును నిరోధించింది. నిర్మాణాల ఒత్తిడితో ఇటీవల అక్కడా కొంత సడలించారు. అయితే సడలించడానికైనా ముందు ఒక నియమం ఉండాలి కదా! ఇంగ్లండులోని లివర్‌పూల్ మాత్రం నదీతీరంలో తలపెట్టిన కొత్త నిర్మాణాల కారణంగా 2021లో ప్రపంచ వారసత్వ హోదాను పోగొట్టుకుంది. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినారు మూడూ కలిపి 2010 నుంచి ఆ హోదా కోసం తాత్కాలిక జాబితాలో ఎదురుచూస్తున్నాయి. హోదా ఇచ్చేవారు కట్టడాన్నే కాదు, దాని పరిసరాలనూ చూస్తారు.

నయాపూల్, పురానాపూల్, బాలాహిస్సారు, పత్తర్‌గట్టి, షాలిబండ – ఇలాంటి కొన్ని చోట్ల నిలబడి చూస్తే మీనార్లు, గుమ్మటాలు ఎంతమేరకు కనిపిస్తున్నాయో కొలిచి నగర ప్రణాళికా పటం మీద గీతలు గీయడానికి పెద్ద ఖర్చు కాదు. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవారికి ఇచ్చే నిర్మాణ హక్కుల బదిలీని, పాత ఇంటిని నిలుపుకున్న యజమానికి కూడా ఉదారంగా వర్తింపజేయవచ్చు. కోకాపేటలో మరో పది అంతస్తులు కావాలనుకునే బిల్డరు ఆ హక్కును పాతబస్తీ దేవిడీ యజమాని దగ్గర కొనుక్కుంటాడు. ఆ డబ్బుతో కారే కప్పు బాగవుతుంది, ఇరుకు గుమ్మానికి తోడు మరొక మెట్లదారి వస్తుంది. ఎత్తుకు పరిమితి లేనిచోట ఎత్తు హక్కును ఎవరూ కొనరు. కనుక మొదట ఆ పరిమితి రావాలి. 2006లో ఒక్క ఉత్తర్వుతో తీసివేసినదాన్ని మరొక ఉత్తర్వుతో తిరిగి పెట్టడానికి అడ్డేమిటో ప్రభుత్వమే చెప్పాలి.