కర్త పేరు లేని పాట

ఇంటింటికిని ఇంటర్నెట్టు రాకపూర్వము, విజయనగరము గంటస్తంభము చేరువ నొక సెల్‌ఫోను దుకాణములో, 20 రూపాయలు పుచ్చుకొని మెమరీ కార్డు నిండ పాటలు ఎక్కించి యిచ్చు కుర్రవానిని ‘జానపదము లేమున్నవి నాయనా?’ అని అడిగితిని. ‘సేనా ఉన్నాయి బాబూ’ అని అతడు తెరను నా వైపు త్రిప్పెను. సినిమా పాటల కెదురుగ గాయకుల పేర్లును, సంగీతదర్శకుల పేర్లును ఉండెను. జానపదముల కెదురుగ అంకెలే. ‘ట్రాక్ 07’ నొక్కగా వినబడినది వంగపండు ప్రసాదరావుగారి ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’!

పార్వతీపురము చెంత పెదబొండపల్లిలో 1943లో పుట్టి, కాలికి గజ్జె కట్టి ఊరూర ఆడి పాడిన ఆ కవి 2020లో కన్నుమూసెను. 1957 నాటి కాపీరైటు చట్టమునుబట్టి గేయమునకు కర్త జీవితకాలమును, తదనంతరము 60 ఏండ్లును రక్షణ కలదు. రిజిస్టరు కాలేదన్న కారణమున అది పోదు. కనుక ఆ పాటకు 2080 సంవత్సరాంతము దాక కాపుదల ఉన్నది. 57వ సెక్షనైతే, కర్త హక్కులన్నియు అమ్ముకొనినను, ‘ఇది నా రచన’ అని చెప్పుకొను అధికారమును ఆయనకే నిలిపినది. ఇంతటి చట్టమును ‘ట్రాక్ 07’ అను రెండు ముక్కలు మ్రింగివేసినవి.

పాట పంచుకొనుటయే పాపమని నేననను. డబ్బు పుచ్చుకొని కార్డులు నింపుట చట్టవిరుద్ధమే, దానిని సమర్థింపను. కాని వంగపండు పాట నాగావళి తీరమునుండి నోట నోట ప్రాకి పెరిగినదే గదా! నన్ను బాధించునది ‘జానపదము’ అను ముద్ర. ఆ ముద్ర పడిన క్షణమున బ్రతికియున్న కవి సైతము అనామకుడగును. ఎవరిదియు కాని సొత్తని ఎవరైనను చేయి వేయుదురు. కంపెనీలు ముందే అప్పగించిన రికార్డులను యూట్యూబు యంత్రము ఇట్టే పోల్చి పట్టును. ఎవరును అప్పగింపని పల్లెపాటకు దానియొద్ద ఆనవాలే లేదు.

హక్కు తీరిపోయినను పేరు తీరిపోరాదు. విజయనగర సంగీత కళాశాలకు అధ్యక్షులైన వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1964లో దివంగతులైరి. ధ్వనిముద్రణపై హక్కు వెలువడిన పిమ్మట 60 ఏండ్లే గనుక, వారి జీవితకాలమున వెలువడిన గ్రామఫోను రికార్డులను నేడు నిరభ్యంతరముగ పంచుకొనవచ్చును, పంచుకొనవలెను. అవియు ‘పాత వయొలిన్’ అని మాత్రమే ఫోనులలో తిరుగుచుండగా చూచి నా మనసు చివుక్కుమన్నది.

పాఠకులారా, వాట్సాప్‌లో పాట పంపునపుడు దాని క్రింద కర్త పేరును, పాడినవారి పేరును వ్రాయుడు. తెలియకున్న, ఊరి పెద్దలనడిగి తెలిసికొని వ్రాయుడు.