ఓడిన ఆట కథ చెప్పకు

సంక్రాంతి సెలవుల్లో భోజనాల విస్తళ్ళు తీయకముందే దుప్పటి పరిచి రమ్మీ మొదలుపెట్టే ఇళ్ళు మనలో ఎన్నో! 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 13 ముక్కల రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని తీర్పు చెప్పింది. సరే, నైపుణ్యమే అనుకుందాం. మరి దానితో బతకాలంటే ఏం నేర్చుకోవాలి? పోకర్ నేర్చుకున్న ఒక అమెరికా ఆవిడ అనుభవం నాకు చాలా నచ్చింది.

ఆవిడ పేరు మరియా కొన్నికోవా. మాస్కోలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా చేరింది. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు, వృత్తి రచన. ఇంట్లో వరసగా కష్టాలు రావడంతో, జీవితంలో అదృష్టం వాటా ఎంత, మన చేతిలో ఉన్నదెంత అన్న ప్రశ్న ఆవిడను పట్టుకుంది. అది తేల్చుకోవడానికి పోకర్ ఎంచుకుంది. అప్పటికి పేక కట్టలో ఎన్ని ముక్కలుంటాయో కూడా సరిగా తెలియదట! మన ఇళ్ళలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు చెబుతాడు.

గురువుగా దొరికినవాడు ఎరిక్ సైడెల్. ఆప్షన్ల వ్యాపారంలో ఉండి, 1987 మార్కెట్ పతనంలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. మరుసటి ఏడాదే లాస్ వేగాస్ ప్రపంచ పోటీలో రెండో స్థానంలో నిలిచాడు. శిష్యురాలిని ఆయన నేరుగా పెద్ద ఆటలో కూర్చోబెట్టలేదు. న్యూయార్కులో ఆన్‌లైన్ పోకర్‌కు అనుమతి లేదు కనుక ఆవిడ పక్క రాష్ట్రం న్యూజెర్సీకి వెళ్ళి, కాఫీ దుకాణంలో కూర్చుని చిల్లర పందేలు ఆడింది. చిన్న ఆటలో నిలదొక్కుకున్నాకే పై మెట్టు.

అసలు పాఠం వేరే ఉంది. పోకర్‌లో చేతికి రెండు ఆసులు రావడం కన్నా మంచి ఆరంభం లేదు. ఎదుటివాడి దగ్గర రెండు రాజులున్నా, చివరి ముక్క దాకా వెళితే ఆసులు వందలో సుమారు 18 సార్లు ఓడతాయి. అలా ఓడినవాడు ఊరంతా చెప్పుకుని ఏడుస్తాడు. సైడెల్ ఆ ఏడుపు వినననేశాడు. ఎలా ఓడావో వద్దు, ఆ క్షణాన ఏం చూసి, ఏం లెక్కవేసి పందెం కాశావో చెప్పమన్నాడు.

ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అప్పు మంజూరు చేసిన రోజున కాగితాలు సరిగా చూశాడా లేదా అన్నది ఒక ప్రశ్న. బాకీ వసూలైందా అన్నది వేరే ప్రశ్న. లోకం రెండోదే అడుగుతుంది. వాన పడితే ఆఫీసరు తెలివైనవాడు, పడకపోతే తెలివితక్కువవాడు!

2018 జనవరిలో బహామాస్ పోటీలో ఆవిడ 84,600 డాలర్ల మొదటి బహుమతి గెలిచింది. 2020లో 'ది బిగ్గెస్ట్ బ్లఫ్' అన్న పుస్తకం వెలువడింది.

గెలుపు మాట విని ఉబ్బిపోకండి. బల్ల దగ్గర కొత్తగా పుట్టే సొమ్మేమీ లేదు. ఒకరి లాభం ఇంకొకరి నష్టమే, మధ్యలో క్లబ్బు తన వంతు కోసుకుంటుంది. కాబట్టి ఎక్కువమంది ఓడితేనే కొందరికి జీతం. పైగా మన దేశంలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా, 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. న్యూజెర్సీ కాఫీ దుకాణం దారి మనవాళ్ళకు మూసుకుపోయినట్టే.

మొన్న సంఘం సమావేశంలో ఒక తల్లిగారు, "అన్నయ్యగారూ, మావాడు ఇంజనీరింగు అయ్యాక స్నేహితులతో పోకర్ ఆడుతున్నాడు, అదే వృత్తి అంటాడు" అన్నారు. తేదీ, కూర్చున్న గంటలు, తీసుకెళ్ళినది, తెచ్చినది, దారిఖర్చు ఏడాదిపాటు రాసిన లెక్క ఉందేమో అడగమన్నాను. వారం తర్వాత ఫోను చేశారు. లెక్క రాస్తున్నాడట, గెలిచిన రోజులది మాత్రం.