తల్లిని చూపించని చోట కుక్కపిల్లను కొనకండి

వేసవి సెలవుల్లో పిల్లల ముచ్చట తీర్చడానికి కొన్న కాకర్ స్పానియల్ కుక్కపిల్లలు దసరా నాటికి వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కుతున్నాయి. ఫొటో కింద రాసేది దాదాపు ఒకటే: కరుస్తోంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఎవరైనా తీసుకెళ్లండి. ఎవరూ ముందుకు రాకపోతే ఊరి చివర వదిలేసే పెద్దమనుషులూ ఉన్నారు. తప్పంతా కుక్క మీదికి నెట్టేసి చేతులు దులుపుకుంటున్నాం. నెల తిరక్కుండానే దాన్ని తల్లి నుంచి విడదీసి, ఏ ఊళ్లో పుట్టిందో కూడా చెప్పకుండా మనకు అంటగట్టినవాడు మాత్రం ఈపాటికి కొత్త పిల్లలతో రీల్స్ తీస్తూ ఉంటాడు. తల్లినీ పుట్టిన చోటునూ చూపించనివాడి దగ్గర ఎవరూ కొనకూడదు. రిజిస్ట్రేషన్ లేనివాడిని ప్రభుత్వం అమ్మనివ్వకూడదు. ఈ రెండూ జరిగేదాకా ఈ ఫొటోలు ఆగవు.

స్పానియల్ ఒళ్లో కూర్చోబెట్టుకునే బొమ్మ కుక్క కాదు. పొదల్లో దాగిన ఉడ్‌కాక్ పిట్టలను లేపడానికి, తుపాకీ దెబ్బకు పడ్డ పిట్టను నలగకుండా నోట పట్టి తెచ్చివ్వడానికి బ్రిటన్‌లో తరాల తరబడి ఎంచి పెంచిన జాతి అది. తుపాకీ అందే దూరం దాటకుండా, మనిషిని కనిపెట్టుకుంటూ నేల వాసన చూస్తూ తిరగడమే దాని పని. మనిషిని విడిచి ఉండలేకపోవడం, దొరికిన చెప్పునో సాక్సునో నోట కరుచుకొచ్చి మన కాళ్ల దగ్గర పెట్టడం ఆ పని నుంచి వచ్చిన గుణాలే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు తెర పడింది. కనుక రోజుకు రెండు పూటలా నడక, బంతి తెచ్చే ఆట, గడ్డిలో దాచిన తిండిని వాసనతో వెతికించడం, ఇవి ఇంటివాళ్లే కల్పించాలి. అందరూ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఇంటికి ఇది తగదు, దానిమీద వాదన అక్కర్లేదు. తీరిక ఉన్న ఇంట్లో పిల్లలతో ఇంత కలివిడిగా తిరిగే కుక్కలు తక్కువ. మరి అలాంటి జాతి కుక్కే కరుస్తోందంటే ఎక్కడో ఏదో తెగిందనే అర్థం.

ఎక్కడ తెగిందో తెలియనిదేమీ కాదు. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఐదు జాతుల కుక్కపిల్లలను పరిశీలించి 1965లో పుస్తకం ప్రచురించారు. ఆ ఐదింటిలో కాకర్ స్పానియల్ ఒకటి. కుక్కపిల్ల తోటి కుక్కలతో, మనుషులతో ఎలా మెలగాలో నేర్చుకునే కీలకమైన కాలం సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా అని వాళ్లు తేల్చారు. పంటి పట్టు ఎంతవరకు పెట్టవచ్చో తోబుట్టువులతో కలబడి, తల్లి చేత కసిరించుకుని నేర్చుకోవలసింది ఆ మొదటి వారాల్లోనే. నాలుగో వారంలో, ఐదో వారంలో దాన్ని ఎత్తుకొచ్చేస్తే ఆ పాఠం మన పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. అమ్మేవాడికి ఆ వయసే లాభం, అప్పుడే ముద్దుగా ఉంటుంది, తిండి ఖర్చూ టీకా ఖర్చూ ఇంకా మొదలుకావు. పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాల వయసు దాకా వేయించాలి. ఐదు వారాల పిల్లకు ‘వ్యాక్సిన్ అయిపోయింది’ అని కార్డు చేతిలో పెడితే అది మోసం. ఇక తల్లి. భయస్తురాలైన తల్లి పిల్లలు భయపడటం నేర్చుకుంటాయి, భయపడ్డ కుక్క కరుస్తుంది. తల్లి మనల్ని చూసి తోక ఊపుతూ వచ్చిందా, మూలకు నక్కిందా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ పది నిమిషాలు మనకు దక్కకుండా చూడటమే ఈ వ్యాపారం గుట్టు.

గిరాకీ పెరిగినప్పుడు ఏమవుతుందో చరిత్రే చెబుతోంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ నమోదుల్లో 1936 నుంచి 1952 దాకా కాకర్ స్పానియల్‌దే మొదటి స్థానం. ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న నిక్సన్ తన మీది ఆరోపణలకు జవాబు చెప్పడానికి 1952లో టీవీ ముందు కూర్చుని చెకర్స్ అనే స్పానియల్ కథ చెప్పుకున్నాడంటే ఆ మోజు ఎంతటిదో ఊహించండి. ఆ మోజు మీద అడ్డూ అదుపూ లేకుండా పిల్లలు పెట్టించడంతో జాతి స్వభావమే దెబ్బతిందని అక్కడి పెంపకందార్లే మొత్తుకున్నారు. మనం మాత్రం చూసీ నేర్చుకోలేదు. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన చూసి పగ్‌ల వెంట పడ్డాం, ఇప్పుడు స్పానియల్ వంతు. మనకు చట్టం లేదా అంటే, ఉంది. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెట్ షాపులకు 2018లో వేరే నిబంధనలు వచ్చాయి. ఇన్నేళ్లూ ఇవి కాగితాల మీదే నిద్రపోయాయి. కుక్కను ఆకలిదప్పులకు వదిలేసినవాడికి 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మొదటిసారి వేసే జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు. యాభై రూపాయలకు ఒక ప్రాణాన్ని పారేయవచ్చని చట్టమే చెబుతుంటే ఎవడు భయపడతాడు?

నిబంధనలు గట్టిగా అమలైతే కుక్కపిల్లల ధర పెరుగుతుందంటారు. పెరగనివ్వండి. కెన్నెల్ క్లబ్ కాగితం ఉందిగా అంటారు. అది వంశం చెబుతుంది గానీ ఆరోగ్యం చెప్పదు. వీధికుక్కను పెంచుకోవచ్చుగా అంటారు. నిక్షేపంగా పెంచుకోండి. కాస్త నిలిచే వాదన ఒక్కటే: ఎక్కడ కొన్నా ప్రేమగా చూసుకుంటే చాలదా? చాలదు. చూపును మెల్లగా హరించే రెటీనా జబ్బు, చిన్న వయసులోనే మూత్రపిండాలను తినేసే జబ్బు ఈ జాతిలో వంశపారంపర్యంగా వస్తాయి. రెంటికీ డీఎన్ఏ పరీక్షలున్నాయి. తల్లిదండ్రులకు ఆ పరీక్షలు చేయించలేదంటే ఆ తర్వాత మన ప్రేమ ఏం చేయగలదు? నిజానికి ప్రేమతో చేయగలిగిన పని చాలానే ఉంది. వేలాడే చెవుల లోపల గాలి ఆడదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఆ ఉక్కకు చెవిలో ఈస్ట్ పెరిగి, చీము పట్టి వాసన కొడుతుంది. వారానికోసారి చెవి ఎత్తి చూడాలి, స్నానం అయ్యాక పొడిగా తుడవాలి, లోపలికి పుల్లలు పెట్టకూడదు. చెవుల వెనక, చంకల్లో, కాలివేళ్ల మధ్య జుట్టు అట్టలు కట్టకుండా దువ్వాలి, అక్కడే పిడుదులు దాక్కుంటాయి, వాటితోనే ప్రాణాంతకమైన జ్వరాలు వస్తాయి. మే నెల ఎండలో నడిపించకూడదు. ఉల్లిపాయ పడ్డ బిర్యానీ మిగులు పెట్టకూడదు. ఇవన్నీ కొనే రోజునే చెప్పే పెంపకందారును వెతుక్కోవడం ప్రేమలో మొదటి పని.

రెండు తెలుగు రాష్ట్రాల జంతు సంక్షేమ బోర్డులు నమోదైన పెంపకందార్ల జాబితాను జిల్లాలవారీగా తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టాలి. నమోదు లేని పెట్ షాపు లైసెన్సును పురపాలక సంఘం రద్దు చేయాలి. మీరు మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. పుట్టిన తేదీ అడగండి, ఎనిమిది వారాలు లెక్కపెట్టండి, రిజిస్ట్రేషన్ నంబరు రాసుకోండి, తల్లి ఉన్న చోటికి తీసుకెళ్లమనండి. బస్టాండు దగ్గర ఇస్తాం, కారులో తెచ్చిస్తాం అంటే అడ్వాన్సు కట్టకండి. అలా చెప్పినవాడి ఫోన్ నంబరును, అతని అమ్మకం ప్రకటనను జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా పంపండి.