వేలిముద్ర పిల్లల్ని కాపాడదు

విజ్ఞానయాత్ర అంటే చాలా బడుల్లో బస్సు కంటే ముందు కాగితం కదులుతుంది. ‘దారిలో ఏం జరిగినా బడికి బాధ్యత లేదు’ అని రాసిన ఆ కాగితం గూడేనికి వస్తుంది. చదువు రాని తల్లి దాని మీద వేలిముద్ర వేస్తుంది. అందులో ఏముందో ఆమెకు కోయలోనో కువిలోనో చెప్పేవాళ్లుండరు. ఆ వేలిముద్ర ఎవరిని కాపాడటానికి? బిడ్డనా, బడినా? ఈ ప్రశ్న టీచర్లనే అడగాలి. వాళ్లలో మన గూడేల్లో పుట్టినవాళ్లూ ఉన్నారు.

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జి ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. చూస్తుండగానే నది మీదికొచ్చేసింది. ఇలాంటప్పుడు ‘పిల్లలే దిగారు, ఫొటోల పిచ్చి’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 2016లో అక్కడి హైకోర్టు ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. ఆ భారాన్ని విద్యుత్ బోర్డు మీదే కాదు, కళాశాల మీదా, ప్రభుత్వం మీదా పెట్టింది. తీసుకెళ్లినవాళ్లదీ బాధ్యతే. దాన్ని ఏ వేలిముద్రా చెరపలేదు.

అయితే యాత్రలే మానేద్దాం అనేవాళ్లున్నారు. డబ్బున్న ఇంటి పిల్లలు సెలవుల్లో అమ్మానాన్నలతో వెళ్లి సముద్రం చూస్తారు. ఆశ్రమ పాఠశాల బిడ్డకు బడి చూపించకపోతే ఎవరు చూపిస్తారు? మానేయడం భద్రత అనిపించుకోదు, పని తప్పించుకోవడం అనిపించుకుంటుంది.

అసలు పని ఏమిటంటే, వెళ్లే చోటు తెలిసిన మనిషిని ముందే అడగడం. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ముగ్గురు వైద్య విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొండవాగు తీరు మనవాళ్లకు తెలుసు. ఇక్కడ ఎండ కాస్తుంటే పైన వాన పడుతుంది. నీళ్లు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డెక్కాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు, పడవలేసుకుని వెళ్లి మనుషుల్ని బయటికి లాగినవాళ్లు ఆ ఒడ్డునున్న గిరిజనులే. మునిగాక పనికొచ్చే మన మనిషి, దిగకముందు ఎందుకు గుర్తుకురాడు? కూలి ఇచ్చి వెంట ఎందుకు ఉంచుకోరు?

ఈ మాట మనకూ వర్తిస్తుంది. వాగులో ఈదే బిడ్డకు సముద్రం తెలియదు. విశాఖ తీరంలో అల వెనక్కి లాగే లాగుడు ఏ వాగులోనూ ఉండదు. అక్కడ మనం మత్స్యకారుణ్ని అడగాలి.

మన పిల్లల ఒంటి సంగతి కూడా బస్సెక్కాలి. సికిల్‌సెల్ ఉన్న బిడ్డకు నీళ్లు తాగకపోయినా, చలి పట్టినా, బాగా అలసిపోయినా ఒళ్లంతా నొప్పులు రావచ్చు. సికిల్‌సెల్ నిర్మూలనకు 2023లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు హాస్టల్ బీరువాలో ఉండి, బిడ్డ అరకు చలిలో వణుకుతుంటే ఏం లాభం? తెలుగు సరిగా రాని చిన్నపిల్ల జనంలో తప్పిపోతే తన ఊరేదో పోలీసుకు ఎలా చెబుతుంది? ఆమె మాట తెలిసిన పెద్దవాళ్లొకరు వెంట ఉండాలి, జేబులో ఫోన్ నంబరు ఉండాలి. ఆడపిల్లలతో టీచరమ్మ వెళ్లాలి. రాత్రిపూట ఘాట్ రోడ్డు ఎక్కకూడదు. వీటికి కోట్లు అక్కర్లేదు, ముందురోజు కాస్త కూర్చుని ఆలోచిస్తే చాలు.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి కాగితం వస్తే అమ్మ వేలికి సిరా అంటకముందే మీరు చదవండి. బస్సు ఎవరిది, వెంట వచ్చే పెద్దలెవరు, అక్కడ దారి చూపే మనిషెవరు, దగ్గర్లో ఆసుపత్రి ఏది అని అడగండి. టీచర్లారా! ఆ జవాబులు రాసి, కింద బడి తరఫున మీరు సంతకం పెట్టండి. తల్లి మాటలో చదివి వినిపించి, ఆ కాగితాన్ని ఆమె చేతికే ఇచ్చి రండి. బిడ్డ తిరిగొచ్చేదాకా అది ఆమె దగ్గరే ఉండాలి.