తప్పు రుజువు కానక్కర్లేదు

సంపాదకులకు,

గువ్వలచెరువు ఘాట్ ప్రమాదాలపై మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ 'లారీ డ్రైవర్ తప్పు రుజువైతేనే బీమా డబ్బు' అన్న మాట సరికాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోనే తప్పుతో నిమిత్తం లేని పరిహారం ఉంది, కాకపోతే మొదట్లో చాలా తక్కువ. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 164వ సెక్షన్ ప్రకారం మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. బండి యజమానో, బీమా కంపెనీయో ఇవ్వాల్సిందే.

అయితే ఒక మెలిక ఉంది. ఈ సొమ్ముకు ఒప్పుకుని తీసుకుంటే, తప్పు రుజువు చేసి పరిహారం కోరే 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేసిన కేసు అక్కడితో సరి. నెలకు ముప్పై వేలు తెచ్చే మేస్త్రి పోయి, తప్పు అవతలివాడిదేనని సాక్ష్యాలుంటే, ఆ ఇంటికి 166 కింద అంతకు ఎన్నో రెట్లు రావచ్చు. ఆస్పత్రి గేటు దగ్గరే కాగితాలతో తయారయ్యే మధ్యవర్తులు ఈ సంగతి చెప్తారా? చెప్పరు. వకీలును అడగకుండా సంతకం పెట్టొద్దు.

గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే దారి వేరు. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు; రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి.

— ఒక పాఠకుడు, కడప