నేల ఉబ్బింది... ఊరు ఖాళీ చేయించాలా?

పాత ఫోన్‌లో బ్యాటరీ ఉబ్బడం చూసే ఉంటారు. వెనక కవర్ కాస్త పైకి లేస్తుంది, స్క్రీన్ అంచు దగ్గర సందు పడుతుంది. విప్పి చూడక్కర్లేదు, లోపల ఏదో తేడా కొట్టిందని తెలిసిపోతుంది. అగ్నిపర్వతాల్ని సైంటిస్టులు గమనించేదీ దాదాపు ఇలాగే. కొన్ని కిలోమీటర్ల లోతులో కరిగిన రాయి, అంటే మాగ్మా, వచ్చి చేరితే పైన నేల లేస్తుంది. చాలాసార్లు సెంటీమీటర్లలోనే. పక్కనే నిలబడినా మనకి తెలీదు.

మరి కొలిచేదెలా? మన ఫోన్ జీపీఎస్ దీనికి పనికిరాదు. అది మనల్ని పక్క వీధిలో చూపించిన రోజులు క్యాబ్ డ్రైవర్లని అడిగితే చెబుతారు. అగ్నిపర్వతం మీద పెట్టే జీపీఎస్ కూడా అవే ఉపగ్రహాల సిగ్నల్ తీసుకుంటుంది. కానీ దాన్ని రాతికి బిగించేస్తారు. సిగ్నల్‌లో వచ్చే కోడ్‌ చదివి ఊరుకోకుండా, దాన్ని మోసుకొచ్చే రేడియో తరంగాన్నే కొలుస్తుంది. ఆ తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. అందులో చిన్న వంతు తేడాని పట్టుకుని, గంటల కొద్దీ డేటా కలిపి లెక్కేస్తే మిల్లీమీటర్ల దాకా దిగొచ్చు.

కాకపోతే జీపీఎస్ పెట్టిన చోటే చూస్తుంది. కొండ మొత్తం కనపడాలంటే రాడార్ ఉపగ్రహం కావాలి. ఒకే చోటుని కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు రాడార్‌తో చూసి, తిరిగొచ్చిన తరంగాల్ని పోలిస్తే నేల ఎక్కడ ఎంత కదిలిందో రంగుల వలయాలుగా బయటపడుతుంది. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ చేసే పనుల్లో ఇదీ ఒకటి. ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన ఈ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిలో వస్తుంది. దాని రాడార్లలో ఒకటి 24 సెంటీమీటర్ల తరంగాన్ని వాడుతుంది. అంత పొడవైన తరంగం ఆకుల మధ్యలోంచి దూరిపోతుంది కాబట్టి, అడవి కప్పేసిన అగ్నిపర్వతాల మీద కూడా పనిచేస్తుంది.

ఉబ్బు నుంచి లోతు లెక్కగట్టే ఫార్ములాని 1958లో జపాన్ శాస్త్రవేత్త కియో మోగి చూపించారు. ఉబ్బు చిన్న చోట నిటారుగా ఉంటే మూలం పైపైనే ఉన్నట్టు. వెడల్పుగా, పల్చగా పరుచుకుంటే లోతులో ఉన్నట్టు. ఇప్పటికీ మొదటి అంచనాకి అదే వాడతారు, పైథాన్‌లో పది లైన్లు కూడా అవ్వదు. చిక్కేంటంటే, కొత్తగా ఎంత చేరిందో అది చెబుతుంది గానీ, ముందే ఎంత ఉందో, పైనున్న రాయి ఇంకెంత ఓర్చుకుంటుందో చెప్పదు. ట్యాంక్‌లోకి వెళ్లే నీళ్లకి మీటర్ ఉంది, ట్యాంక్ ఎంత పెద్దదో మాత్రం తెలీదు.

ఐస్‌లాండ్‌లో గ్రిండవిక్ అనే చేపల ఊరుంది. అక్కడ నేల కదలికలు, భూకంపాలు చూసి 2023 నవంబర్ 10 రాత్రి దాదాపు 3,800 మందిని ఖాళీ చేయించారు. ఆ తర్వాత 38 రోజులు లావా రాలేదు. ఆ 38 రోజులూ ఆ మనుషుల పరిస్థితి ఊహించుకోండి. డిసెంబర్ 18న ఊరికి దగ్గర్లోనే నేల చీలింది. జనవరిలో లావా ఊళ్లోకే వచ్చి మూడు ఇళ్లని కాల్చేసింది. ఊళ్లో అప్పుడు ఎవరూ లేరు. అప్పట్నుంచి 2025 జూలై దాకా మొత్తం తొమ్మిదిసార్లు పేలింది. పక్కనే స్వార్ట్‌సెంగీ దగ్గర నేల ఉబ్బడం, లావా వచ్చాక దిగడం, మళ్లీ ఉబ్బడం. పోయినసారి ఎంత చేరాక పొంగిందో లెక్క ఉంది కాబట్టి, ఈసారి ఎప్పుడో ఓ అంచనాకి రాగలుగుతున్నారు. అదీ ప్రతిసారీ కుదరదు. 2024 మార్చి 2న మాగ్మా కదిలింది, హడావుడిగా జనాన్ని పంపేశారు, పైకి మాత్రం ఏమీ రాలేదు.

ఇప్పుడు ఇటలీకి రండి. నేపుల్స్ పక్కనున్న పొజువోలి. అక్కడి పాత రోమన్ మార్కెట్ స్తంభాలకి ఏకంగా ఏడు మీటర్ల ఎత్తు దాకా సముద్రపు నత్తగుల్లలు తొలిచిన చిల్లులున్నాయి. అంటే ఆ నేల సముద్రంలోకి మునిగి, మళ్లీ పైకొచ్చింది! 1982 నుంచి 1984 మధ్య అదే ఊరు దాదాపు 1.8 మీటర్లు లేచింది. భూకంపాలకి ఇళ్లు బీటలు వారాయి, సుమారు 40,000 మందిని తరలించారు. తర్వాత నేల మెల్లగా దిగిపోయింది. పేలుడు లేదు, లావా లేదు. చాలామంది పాత ఇళ్లకి తిరిగి రాలేదు, వాళ్లకోసం కట్టిన కొత్త కాలనీలోనే ఉండిపోయారు.

అధికారులు తొందరపడ్డారని ఇప్పుడు అనడం తేలికే. ఆ గోడల కింద ఎవరైనా నిద్రపోతుంటే? నన్నడిగితే వాళ్లు చేసింది కరెక్టే. అసలు అప్పుడు నేలని లేపింది మాగ్మానా, లేక లోపల వేడెక్కిన నీళ్లు, ఆవిరా అన్న వాదనే ఇంకా తెగలేదు.

2005 నుంచి పొజువోలి మళ్లీ లేస్తోంది. రేవులో నీళ్లు తగ్గి కొన్ని పడవలు బురదలో కూర్చుండిపోయాయి. ప్రమాద జోన్‌లో దాదాపు ఐదు లక్షల మంది ఉన్నారు. జీపీఎస్‌లు, రాడార్లు రోజూ కొలుస్తూనే ఉన్నాయి. కానీ ఎంత లేస్తే పేలుతుందని పోల్చుకోవడానికి, గ్రిండవిక్ వాళ్లకి తొమ్మిది పేలుళ్ల డేటా ఉంటే, వీళ్లకి చివరిది 1538లో జరిగింది.