‘క్వాంటిటేటివ్’ శబ్దార్థ విచారము

ఇటీవలి సిద్ధాంత వ్యాసములలో ‘క్వాంటిటేటివ్’ అను ఆంగ్ల విశేషణమునకు ‘పరిమాణాత్మకము’ అనియు, ‘క్వాలిటేటివ్’ అనుదానికి ‘గుణాత్మకము’ అనియు వ్రాయుట పరిపాటియైనది. తర్కసంగ్రహము చదివిన విద్యార్థికి ఈ జంట చిక్కు తెచ్చును. అన్నంభట్టు పేర్కొన్న 24 గుణములలో సంఖ్యయు, పరిమాణమును రెండును ఉన్నవి. పరిమాణమే ఒక గుణమైనపుడు అది గుణమునకు ప్రతిపక్షము ఎట్లగును? పైగా ఆ రెండును వేర్వేరు గుణములు. ఒకటి, రెండు అను వ్యవహారమునకు సంఖ్య హేతువు. చిన్నది, పెద్దది, పొడవు, పొట్టి అను వ్యవహారమునకు పరిమాణము హేతువు.

ఆంగ్లపదమునకు మూలమైన లాటిను శబ్దమునకు ‘ఎంత’ అని అర్థము. వాడుకలో అది ‘ఎన్ని’ని కూడ తనలో కలుపుకొన్నది. తెలుగు ఈ రెంటిని వేరుగనే నిలిపినది. అన్నవరమున రత్నగిరిపై వ్రతమునకు ఎన్ని జంటలు కూర్చున్నవనుట ఒక ప్రశ్న; ప్రసాదమునకు గోధుమరవ్వ ఎంత పట్టుననుట వేరొకటి; ప్రసాదము ఎట్లున్నదనుట మూడవది. సత్యనారాయణ వ్రతకథలో నైవేద్యమునకు ‘సపాద’ మానము చెప్పబడినది, అనగా ఒకటింబావు. సోలయైనను, శేరైనను, మణుగైనను సంఖ్య 1¼ మాత్రమే. రాశి మాత్రము మారిపోవును. మానము చెప్పని సంఖ్య పరిమాణమును తెలుపజాలదు.

ఛందశ్శాస్త్రమునను ఇదియే న్యాయము. సూర్యగణములు నగణ, హగణములు రెండు. మొదటిదానిలో అక్షరములు 3, రెండవదానిలో 2. మాత్రలు మాత్రము రెంటను మూడేసి. అక్షరములను లెక్కించువాడు ‘ఎన్ని’ అని అడుగుచున్నాడు. మాత్రలను గణించువాడు ‘ఎంత’ అని కొలుచుచున్నాడు. ఆంగ్ల ఛందోగ్రంథములలో ‘క్వాంటిటేటివ్’ అనునది ఈ రెండవదానినే చెప్పును. దానిని ‘సంఖ్యాత్మకము’ అని అనువదించినచో అర్థము తలక్రిందులగును.

సామాజిక శాస్త్రములలో రూఢమైన జంటను తొలగింపనక్కరలేదు. రూఢికి శాస్త్రమున స్థానమున్నది. కాని సంస్కృతాంధ్ర శాఖల పరిశోధకుడు ఒక కావ్యమున ఒక ప్రయోగము ఎన్నిమార్లు వచ్చినదో లెక్కించినపుడు ‘సంఖ్యాపరము’ అనియు, మాత్రలను కొలిచినపుడు ‘పరిమాణపరము’ అనియు, స్వరూపమును విచారించినపుడు ‘లక్షణపరము’ అనియు వ్రాయుట మేలు. కాదేని, తర్కమున ఒక అర్థమును, పరిశోధన పద్ధతుల పాఠమున మరొక అర్థమును ఒకే మాటకు నేర్చిన విద్యార్థి రెంటిని కంఠస్థము చేయునేగాని, ఏ ఒక్కదానిని గ్రహింపజాలడు. పరిశోధకుడు పదమును ఎన్నుకొనుటకు ముందు, తాను అడుగుచున్నది ‘ఎన్ని’యో, ‘ఎంత’యో, ‘ఎట్టిది’యో నిశ్చయించుకొనవలెను.